గంట దాచిన సింగడు

"నేరేడూ! ఒరే నేరేడూ, ఆ కంతలోంచి తల తియ్యి."

పుల్లయ్య ఎద్దు కేకకి మేకపిల్ల తల తీశాడు గానీ, చూపు మాత్రం అక్కడే వదిలేశాడు. నేరేడుపండులా నల్లగా నిగనిగలాడే పిల్లాడు. పుట్టి నెల కాలేదు. నాలుగు రెప్పపాట్లు ఒకచోట నిలబడటం వాడికింకా చేతకాదు.

తొమ్మిది రోజులుగా ముసురు. ఆకాశం ఎవరో ఏడ్చి ఏడ్చి తుడుచుకున్న ముఖంలా ఉంది. పశువులపాక మట్టిగోడ నానినాని, పొద్దున ఆసామి గడ్డి వేసి తడిక మూసి వెళ్ళిన కాసేపటికే అడుగున ఇంత పెళ్ళ ఊడిపడింది. పడ్డచోట కంత. నేరేడు పట్టేంత, ఇంకెవరూ పట్టనంత. కంత అవతల వాన. వాన అవతల చెరుకుతోట. చెరుకుతోటలో నక్క.

ఆసామి మళ్ళీ వచ్చేది సాయంత్రం దాణా పెట్టడానికే. అందాకా పిల్లాణ్ణి లోపల ఉంచాలి. ఎవరుంచాలి? పుల్లయ్య మెడకి పలుపుంది. సింగడు అనే కుక్కని ముసురు పట్టినప్పటి నుంచీ గుంజకి కట్టేశారు. చుక్కమ్మ కోడికి తాడు లేదు గానీ, గంపలో పదకొండు గుడ్ల మీద కూర్చుంది, లేస్తే చల్లబడతాయి. పాకలో ఏ కట్టూ లేనిది నేరేడొక్కడికే.

"వాడికి ఆటే తాడు. సాయంత్రందాకా తెగకుండా పేనాలి, అంతే," అన్నాడు పుల్లయ్య.

ముందు తనే మొదలుపెట్టాడు. తోక అటూ ఇటూ ఊపాడు. నేరేడు కుచ్చు కోసం ఎగిరి, పట్టుకోలేక పేడలో పడి, లేచి, "మళ్ళీ" అన్నాడు. ఇరవైసార్లు మళ్ళీ అన్నాడు. ఇరవై ఒకటోసారి "వద్దు" అని కంత వైపు నడిచాడు.

"ఇటు రా అయ్యా," అంది చుక్కమ్మ. "నా గంప చుట్టూ గడ్డిపరకలు పేర్చు. పొడుగువి ఒక పక్క, పొట్టివి ఒక పక్క."

వాడు పొడుగువి పేర్చాడు. పొట్టివి తినేశాడు.

"పోనీ, గుడ్డుకి చెవి ఆనించు. లోపల ఎవరో గీరుతున్నారు."

వాడు ఆనించాడు. వాడి కళ్ళు పెద్దవయ్యాయి. "ఎవరత్తా?"

"నీ తమ్ముళ్ళు."

"బైటికి రారా?"

"ఇప్పుడే రాకూడదు."

"నాలాగేనా?"

చుక్కమ్మ రెక్క సర్దుకుంది.

ఆ తర్వాత చూరు కారే చోట ఆట. పగిలిన కుండపెంకులో చినుకు టప్పుమన్నప్పుడల్లా ఒక గెంతు. చినుకులు వాడి కాళ్ళకన్నా తొందరపడ్డాయి, వాడికి కోపమొచ్చి కుండపెంకుని కొమ్ములు లేని తలతో పొడిచాడు. ఆ తర్వాత పుల్లయ్య కడుపు కింద దూరడం. ఆ తర్వాత పిడక మీద పిడక పెట్టడం, పడగొట్టడం. మధ్యాహ్నమయ్యేసరికి పెద్దవాళ్ళ దగ్గర ఆటలు అయిపోయాయి. వాడి దగ్గర హుషారు అయిపోలేదు.

"అమ్మేదీ?" అన్నాడు నేరేడు.

వాళ్ళమ్మ చంద్రిని పన్నెండు రోజుల కిందట వాగొడ్డున నక్క పట్టుకుపోయింది. ఆ రోజు మేత దగ్గర కాపలా సింగడిది. "చివరిదాకా కొట్లాడాను, ఈ కాలు అప్పుడే కుంటిదయింది," అని వాడు చెప్పాడు. అందరూ వాణ్ణి మెచ్చుకున్నారు. పిల్లాడికి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు. సింగడే ముందుకొచ్చి, "అమ్మ దాక్కుందిరా, ఇది దాగుడుమూతలాట," అన్నాడు. అది ఆ రోజుకి పనికొచ్చింది. మర్నాడూ పనికొచ్చింది.

"చెప్పు మావా, అమ్మేదీ?"

సింగడు తన గడ్డిపక్క కింద ముట్టె పెట్టి ఏదో లాగాడు. చిన్న ఇత్తడి గంట, తెగిన తాడుతో సహా.

"అమ్మది," అన్నాడు నేరేడు.

"అవును. దీన్ని నేను దాస్తాను. ఇది దొరికితే అమ్మ దగ్గర్లోనే ఉన్నట్టు. కళ్ళు మూసుకో."

ఇక చూడాలి ఆ ఆట. తాడు అందినంత మేర సింగడు గంటని గడ్డిలో దాస్తాడు, గాటి పక్కన దాస్తాడు, తన కడుపు కింద దాస్తాడు. వాడు వెతుకుతాడు. దొరగ్గానే మెడ నిక్కించి గణగణలాడించి, చుట్టూ చూసి, "అమ్మ రాలేదే?" అంటాడు. "ఈసారి ఇంకోచోటికి మారింది," అంటాడు సింగడు. కంత మాటే మరిచిపోయాడు పిల్లాడు.

"నీ పాటి ఓపిక మాకేదీ సింగన్నా," అంది చుక్కమ్మ.

పుల్లయ్య మాత్రం నెమరు ఆపాడు. "ఆ గంట నీ దగ్గరికెలా వచ్చింది?"

"కొట్లాటలో నక్క నోట్లోంచి లాగాను."

"ఆ రోజు చెప్పలేదే?"

"అన్నీ చెప్పుకోవాలా తాతా? గుమ్మడికాయల దొంగనేం కాదు, అడిగినప్పుడల్లా భుజాలు తడుముకోడానికి."

"నేను దొంగనలేదురా. గంట సంగతడిగాను. సరే, ఒక మాట విను. అబద్ధంతో ఆడించిన ఆటకి ముగింపుండదు. ఏదో ఒక రోజు వాడు గెలవాలంటాడు."

సింగడు తల తిప్పుకున్నాడు. తడిక సందుల్లోంచి వాగు వైపు వాన వెండిదారాల్లా దిగుతోంది. అటు చూస్తే చాలు, వాడి ముట్టె దానంతటదే పైకి లేస్తుంది, ఏదో వాసన కోసం.

గంట చప్పుడు వానలో ఎంతదూరం పోతుందో వాళ్ళెవరూ ఆలోచించలేదు. చెరుకుతోటలో ఆకలితో ముడుచుకున్న నక్క మాత్రం చెవులు రిక్కించింది. ఆ చప్పుడు దానికి కొత్త కాదు. మెల్లగా పాక గోడ వెనక్కి చేరి లోపలి మాటలన్నీ వింది.

పొద్దు వాలుతుండగా కంత అవతల్నుంచి తేనెలాంటి గొంతు వినపడింది.

"అల్లుడూ, ఇంకా లోపలే వెతుకుతున్నావా? పిచ్చివాడా, మీ అమ్మ మా తోటలో దాక్కుంటేనూ."

నేరేడు చెవులు నిక్కపొడిచాయి. "నిజంగానా?"

"గంట ఉంటే దొరికిపోతానని అక్కడ వదిలేసి వచ్చింది. చెరుకు మొదట్లో కూర్చుని నవ్వుకుంటోంది. నువ్వొచ్చి ముట్టుకుంటే ఆట అయిపోతుంది."

"వెళ్ళకురా," అన్నాడు పుల్లయ్య పలుపు తెంచుకునేలా లాగుతూ. "అది నక్కరా."

"మావే చెప్పాడుగా, అమ్మ దాక్కుందని," అన్నాడు నేరేడు. "మావ చెప్పిందే ఈయనా చెప్తున్నాడు."

చుక్కమ్మ గుడ్ల మీంచి సగం లేచి మళ్ళీ కూర్చుంది. నేరేడు కంత దగ్గరికెళ్ళాడు. గోడ మూరెడు మందం. వాడి తల అందులో దూరింది.

సింగడు మొరగడానికి నోరు తెరిచాడు. అవతల్నుంచి నక్క, అందరికీ వినపడేలా, ఎంతో మర్యాదగా అంది.

"ఏం సింగా, కుశలమా? ఆ రోజు నువ్వెంత కొట్లాడావో మీవాళ్ళకి నన్ను కూడా చెప్పమంటావా? నువ్వు ఊరుకుంటే నేనూ ఊరుకుంటాను."

పుల్లయ్యకీ చుక్కమ్మకీ అందులో ఏమీ కనపడలేదు. సింగడి నోరు మాత్రం మూసుకుపోయింది. కొట్లాటే జరగలేదు. కాలు కంచె తీగ తగిలి కుంటిదయింది. గంట బురదలో దొరికింది. ఆ సంగతి లోకంలో తెలిసినవాళ్ళిద్దరే, తనూ, నక్కా. పన్నెండు రోజులుగా పాకలో తనకి దొరికిన మంచి చూపంతా, చుక్కమ్మ 'సింగన్నా' అనే పిలుపంతా, ఇప్పుడు ఆ నక్క నోట్లో ఉంది.

"రా అల్లుడూ, ఇంకొంచెం," అంది నక్క.

నేరేడు భుజాలు కూడా దూరాయి. బుల్లి తోక ఆనందంతో టపటపా కొట్టుకుంటోంది. సింగడు ఆ తోకనే చూశాడు. గంట దొరికినప్పుడల్లా అది అలాగే కొట్టుకునేది.

"నేరేడూ," అన్నాడు. "ఆగరా. మీ అమ్మ దాక్కోలేదు."

తోక ఆగింది.

"ఎక్కడా దాక్కోలేదు. చచ్చిపోయింది. నిన్ను రమ్మనే ఆ నక్కే చంపింది. నేను కొట్లాడలేదు. ఆ రోజు నేనక్కడ లేనే లేను. గంట బురదలో ఏరుకుని, దాచుకుని, దాంతో నిన్ను ఆడించాను."

తర్వాత నేరేడు మెల్లగా, వెనక్కి వెనక్కి, కంతలోంచి బైటపడ్డాడు. వాడి తల నిండా తడిమట్టి.

"అల్లుడూ, ఆ కుక్క నీ మీద కుళ్ళుతో..." అని మొదలుపెట్టింది నక్క.

"ఇంక చెప్పు నక్కా," అన్నాడు సింగడు కంత వైపు చూసి. "ఇంకా నీ దగ్గర చెప్పడానికేమైనా మిగిలిందా?"

మిగల్లేదు. దూరంగా ఆసామి దాణా తట్టతో దగ్గుతూ వస్తున్నాడు. "కుక్క తోక పట్టుకుని గోదారి ఈదుదామనుకున్నాను, నా బుద్ధికి చెప్పుకోవాలి," అని గొణుక్కుంటూ నక్క తడిసిన తోక ఈడ్చుకుని, ఖాళీ కడుపుతో చెరుకుతోటలో కలిసిపోయింది.

పాకలో ఎవరికీ సంతోషం రాలేదు. చుక్కమ్మ సింగడి వైపు చూడటం మానేసింది. ఈసారి 'సింగన్నా' అనలేదు. పుల్లయ్య పెద్ద నిట్టూర్పు విడిచి అన్నాడు.

"దాచుకున్న తప్పు శత్రువు చేతికిచ్చిన పలుపుతాడురా, చెప్పేస్తేనే ఆ కొస మన చేతికొస్తుంది."

నేరేడు గంటని నోట కరుచుకుని సింగడి ముందుకొచ్చి నిలబడ్డాడు. పుట్టాక మొదటిసారి కదలకుండా నిలబడ్డాడు. గంటని కింద పెట్టాడు. ఆడించలేదు.

"మావా, మరి ఆ రోజు నువ్వెక్కడున్నావు?"

సింగడు తల వంచాడు.

"వాగవతల ఊళ్ళో ఒక తెల్ల కుక్క ఉంటుందిరా. దాన్ని చూడ్డానికెళ్ళాను. అది నన్ను పిలవనుకూడా లేదు. మీ అమ్మ పిలిచింది, మూడుసార్లు. నాకు వినపడింది. గాలి అని నాకు నేనే చెప్పుకుని, అక్కడే కూర్చున్నాను."