చిలక్కి మేత పెట్టే పని

అనగా అనగా, సముద్రాలింకా లేత నీలంగా ఉన్న రోజుల్లో, ధవళకీర్తి అనే రాజుగారుండేవారు. ఆయనకి ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల మంచుకోటలో గండశిలుడనే మాంత్రికుడు హిమవల్లి అనే రాకుమారిని బంధించాడని విని పెద్దవాడు వెళ్లాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్లాడు, అతనూ రాలేదు. చివరివాడు మందారకేతుడు ఒక ముసలి తాబేలు వీపెక్కి బయల్దేరాడు.

తాబేలు ఈదుతూ ఈదుతూ సంగతంతా చెప్పింది. "ఆ కోటలో ఏడాది కొలువు చేస్తే రాకుమారిని విడిచిపెడతానని వాడి మాట. దీపాలవేళకి పని మిగిలిందో, రాయైపోతావు. మీ పెద్దన్న 'ఇంకో పనా? నేను చెయ్యను ఫో' అన్నాడు, రాయయ్యాడు. చిన్నన్న చెప్పిందల్లా 'చిత్తం, చిత్తం' అని నెత్తినేసుకున్నాడు. మొయ్యలేక పాపం, అతనూ రాయయ్యాడు. మరి నువ్వేం చేస్తావు నాయనా?"

"చూద్దాం తాతా," అన్నాడు. అన్నాడే గాని తాబేలు డిప్పని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

కోటలో మొదటి పని మబ్బులు మడతపెట్టడం. మందారకేతుడు పెద్ద మబ్బులు అడుగున, బుజ్జి మబ్బులు పైన పేర్చి మధ్యాహ్నానికే ముగించాడు. కిటికీలోంచి చూస్తున్న హిమవల్లి ఎన్నాళ్లకో నవ్వింది.

"అప్పుడే అయిందా? అయితే అలలు దువ్వు," అన్నాడు మాంత్రికుడు. సగం అలలు దువ్వాడో లేదో, "చుక్కలు కూడా తోమిపెట్టు," అన్నాడు. దున్నే ఎద్దునే పొడుస్తారంటే ఇదేనర్రా! అప్పటికే పొద్దు వాలుతోంది.

మందారకేతుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తోముతానయ్యా. కానీ రెండూ ఒక్కసారే పట్టుకుంటే రెండూ చెడతాయి. ముందు ఏది కావాలి, ఏది రేపటికి ఉంచాలి, తమరే సెలవియ్యండి."

అలా అడిగినవాడు ఆ కోటలో ఇంతవరకూ లేడు. మాంత్రికుడు గడ్డం గోక్కున్నాడు. "సరే, చుక్కలు రేపు చూద్దాంలే," అనేశాడు. యజమానే రేపన్నాక అది మిగిలిన పని ఎలా అవుతుంది? మిగతా అలలు దువ్వేసరికి దీపాలు వెలిగాయి, మందారకేతుడు మనిషిగానే నిలిచాడు.

రోజులు వెన్నెల్లో పడవల్లా సాగిపోయాయి. మంచి పనివాడు దొరికితే యజమానికి బద్ధకం ముదురుతుంది. గండశిలుడు తన స్నానం నీళ్లు అప్పగించాడు, మీసం దువ్వే పని అప్పగించాడు, మంత్రదండం తుడిచే పనీ అప్పగించాడు. ఒక ఉదయం పరుపు మీద దొర్లుతూ, మొలతాడుకున్న తాళంచెవి విప్పి విసిరాడు.

"ఒరేయ్ అబ్బీ, పైగదిలో చిలకుంది. ఇకమీదట దానికి మేత కూడా నువ్వే పెట్టు."

"మరి మబ్బులయ్యా?"

"మబ్బులు తగలెట్టు! ముందు చిలక సంగతి చూడు."

మెట్ల దగ్గర హిమవల్లి కళ్లు పెద్దవి చేసింది. "వాడి ప్రాణం ఆ చిలకలోనే ఉంది. ఇన్నేళ్లలో ఆ తాళంచెవి ఎవరి చేతికీ ఇవ్వలేదు," అంది గుసగుసగా.

మందారకేతుడు చిలకని మెత్తగా గుప్పిట్లోకి తీసుకున్నాడు. కింద మాంత్రికుడికి ఊపిరాడలేదు. తను ఏం అప్పగించాడో అప్పుడు తెలిసొచ్చింది. పడుతూ లేస్తూ మెట్లెక్కాడు.

"బాబ్బాబు, నన్ను చంపకు!"

"చంపే పని నాకెవరూ చెప్పలేదుగా," అన్నాడు మందారకేతుడు. "ముందు రాళ్లన్నిటినీ మనుషుల్ని చెయ్యి. తర్వాత రాకుమారిని విడు. అందాకా నీ చిలక నా దగ్గరే ఉంటుంది."

రాళ్లన్నీ ఆవులించి లేచాయి. అన్నలిద్దరూ తమ్ముణ్ణి కావలించుకుని భోరుమన్నారు. మందారకేతుడు అంతసేపూ దాచుకున్న ఏడుపు కూడా అప్పుడే బయటికొచ్చింది.

మాంత్రికుడు హిమవల్లినీ విడిచిపెట్టాక, అన్నమాట ప్రకారం వాడి చిలకని వాడికిచ్చేసి అందరూ ఇంటికొచ్చారు. హిమవల్లితో పెళ్లి వెన్నెల పందిట్లో జరిగింది. కొన్నాళ్లకి రాజుగారు చిన్నకొడుక్కే పట్టం కట్టారు. పెద్దన్న మూతి ముడిచాడు. "మా తమ్ముడికి పని బాగా వచ్చని రాజ్యం మొత్తం వాడి నెత్తినే పెట్టారా నాన్నగారూ?" అన్నాడు.

"అయితే ఏం చేద్దాంరా?"

"ఏముంది, సగం మేం పట్టుకుంటాం," అన్నారు అన్నలిద్దరూ, సింహాసనం మెట్ల మీద చెరోవైపు కూర్చుంటూ. ఆ ముగ్గురూ కలిసి ఎన్ని తరాలు ఏలారో చెప్పడానికి ముసలి తాబేలుకి కూడా గుర్తులేదట.