గొంతు దగ్గర ఆగిపోయిన సీతాకోకచిలుక

ఒకప్పుడు మనిషి ఒంట్లో ఒక సీతాకోకచిలుక ఎగురుతూ తిరిగేది. ఒళ్ళంటే పెద్ద ఊరే మరి. కంటికి కనబడనంత చిన్న చిన్న ఇళ్ళు. ఇంటింటా బుల్లి పొయ్యిలు. చదువుకున్నవాళ్ళు వాటిని మైటోకాండ్రియా అంటారు. తిన్న అన్నం ఆ పొయ్యిల్లో మండితేనే ఒంటికి వేడి, సత్తువ.

సీతాకోకచిలుక రోజూ గడపగడపకీ వెళ్ళి, "పొయ్యి ఊదండమ్మా!" అని కేకేసేది. ఆ కేక వింటేనే ఊదుగొట్టం అందుకోవడం అక్కడి ఆచారం. సముద్రం పంపే అయోడిన్‌లోంచి చిటికెడు తీసి దాని కోసం గడప మీద ఉంచేవాళ్ళు. అదే దాని తిండి.

తలలో ఒక ఇంట్లో కుంపటమ్మ ఉండేది. పనిమంతురాలే కానీ నోరు కారం.

"పిన్నీ, పొయ్యి ఊదు!"

"ఏమే, నువ్వు చెప్తేగానీ నాకు తెలీదా? రేపట్నుంచి నా గడప తొక్కకు."

"మర్చిపోతావేమో పిన్నీ!"

"నేనా? మర్చిపోవడమా?" అని పకపకా నవ్వి, గడప మీది చిటికెడు ఊడ్చేసింది. ఆమెను చూసి ఇరుగూ పొరుగూ, వాళ్ళను చూసి ఊరంతా ఊడ్చేశారు.

మర్నాడు కుంపటమ్మ తనంతట తానే ఊదింది. ఆ మర్నాడు పొద్దెక్కాక ఊదింది. తర్వాత ఊదనే లేదు. పొయ్యి మీద నివురు కమ్మింది. ఆ మనిషి ఒళ్ళు చల్లబడింది. జుట్టు రాలింది. అడుగు తీసి అడుగు వెయ్యాలంటే బరువు. ఒకనాడు కుంపటమ్మ ఊదుగొట్టం చేతిలోకి తీసుకుని, "ఇదెందుకబ్బా?" అని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎంతకీ గుర్తురాలేదు. అప్పుడు భయమేసింది.

సీతాకోకచిలుకను వెతుకుతూ కాళ్ళీడ్చుకుంటూ గొంతు దాకా వెళ్ళింది. అది అక్కడే కూలబడి ఉంది. అయోడిన్ అందక రెక్కలు ఉబ్బిపోయాయి.

"తల్లీ, నిన్నేదో అడుగుదామని వచ్చాను. ఏమిటో మర్చిపోయాను."

"పొయ్యి ఊదమని చెప్పమంటావు. అంతేగా పిన్నీ?"

కుంపటమ్మ బావురుమంది. ఆనాడు ఊడ్చినప్పుడు కొంగుకు అంటుకున్న నలుసులు దులిపి, దాని నోట్లో పెట్టింది. దానికి గొంతు పెగిలింది. రెక్కలు మాత్రం లేవలేదు.

"ఇక నీ గడపకు రాలేను పిన్నీ. నెత్తురు కాలువలో కబురు పంపుతాను. విను."

"వింటానే తల్లీ. ఆ రోజే వినుంటే ఎంత బాగుండేది!"

అప్పటినుంచే ఆ సీతాకోకచిలుక థైరాయిడ్ అనే పేరుతో మన గొంతు దగ్గర రెక్కలు చాపుకుని కూర్చుంది, ఎగరదు. దాని కబురు తగ్గిన ఒంట్లో పొయ్యిలు మందగిస్తాయి, ఎండలో కూర్చున్నా చలేస్తుంది, రోజూ పిలిచే పేరు కూడా నోటి దాకా వచ్చి ఆగిపోతుంది.