ఓబక్క వేలు పెట్టి చూసిన కళ్ళెం

ఊఁ కొడుతూ వినండి. మా తాతల తాతలు కూడా పుట్టని కాలంలో కొండ మీద ఒక చెరువు, చెరువు దిగువన మూడు ఊళ్ళు ఉండేవి. కట్ట వారనే కోట దొరగారి గుర్రపుసాల. అందులో ఓబక్క అనే ముసలామె గడ్డి వేసేది, లద్ది ఎత్తేది.

ఒక ఏడు వాన పట్టుకుంది. పట్టింది పట్టినట్టే ఉంది. ఒక పొద్దున కట్ట మీద మట్టి జారడం మొదలైంది. దిగువ ఊళ్ళకు ఆ సంగతి తెలీదు. పోయి చెప్పి రమ్మని దొర సుంకన్న అనే రౌతును పురమాయించాడు.

దారిలో పొంగే వాగును ఈదగలిగింది నీలి అనే ఆడగుర్రం ఒక్కటే. సుంకన్న హడావుడిగా కళ్ళెం వేసి ఎక్కాడు. నీలి తల ఎగరేసింది, వెనక్కి నడిచింది, ముందుకాళ్ళు లేపి అతన్ని బురదలో పడేసింది. మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ పడేసింది. సుంకన్న కొరడా ఎత్తాడు.

ఓబక్క వచ్చి గుర్రానికి అడ్డం నిలబడింది. కళ్ళెం ఒకసారి చూడనివ్వమంది.

మట్టి జారుతోందని కట్ట మీంచి కేక వచ్చింది. ఓబక్క చెవుల వెనక పట్టీ కింద వేలు పెట్టింది. దూరింది.

కట్ట అడుగున నీళ్ళు ఊరుతున్నాయని కేక వచ్చింది. గొంతు కింది పట్టీలో వేలు పెట్టింది. దూరింది.

సుంకన్న కట్ట వైపు చూశాడు. "నీ కూతురు దిగువ ఊళ్ళోనే ఉంది గదా అవ్వా. ఎందుకు ఆపుతున్నావు?"

"అందుకే నాయనా," అంది ఓబక్క.

కట్టకు చిల్లి పడిందని కేక వచ్చింది. చెంప పట్టీ కింద వేలు పెట్టింది. దూరలేదు. వానకు తడిసిన తోలును ముందురోజు ఎవరో పొయ్యి దగ్గర ఆరబెట్టారు. అది కురచై, నోట్లోని ఇనుమును పైకి లాగేసింది. నోటి మూల చిట్లి నెత్తురు కారుతోంది. ఓబక్క పట్టీ మీద చెయ్యి వేయగానే నీలి నొప్పికి ఆ చేతిని కరిచింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఒక పక్క ఒక బెజ్జం వదులు చేసింది, రెండో పక్క ఒక బెజ్జం వదులు చేసింది. నీలి తల దించి మెల్లగా నోరు ఆడించింది.

"ఇప్పుడు పో," అంది ఓబక్క.

సుంకన్న ఎక్కగానే నీలి పరుగు తీసింది. మొదటి ఊరు లేచి గుట్టెక్కింది. రెండో ఊరు లేచి గుట్టెక్కింది. వాగు ఈది మూడో ఊరు చేరింది. అక్కడ చివరి గుడిసె ఖాళీ అవుతుండగానే చెరువు వచ్చి మీద పడింది. మనుషులంతా బతికారు.

వరద తీశాక సుంకన్న ఓబక్క కూతురిని నీలి మీద ఎక్కించి తీసుకొచ్చాడు. గుర్రాలన్నీ గట్టు మీద మేస్తున్నాయి. సాల లేదు, ఓబక్క లేదు. ఒక్కో గుర్రాన్నీ విప్పి బయటికి తోలిందని, చివరిదాన్ని తోలుతుండగా గోడ ఆమె మీద కూలిందని చూసినవాళ్ళు చెప్పారు. కూతురు గుర్రం దిగింది. నీలి మూతి మీద ఎండిన నెత్తురును కొంగుతో తుడిచింది.

ఈనాటికీ ఆ పక్క గుర్రం ఎక్కేవాళ్ళు, పెళ్ళి ఊరేగింపుకైనా సరే, ముందు చెంప పట్టీ కింద వేలు పెట్టి చూస్తారు. "ఓబక్కా, చోటుందా?" అని అడుగుతారు. గుర్రం నోరు ఆడించేదాకా ఎవరూ కాలు పైకెత్తరు.