కనుమ మీద గంట

గొడ్డలికొండకి ఇవతల ఒక అడవి, అవతల ఒక అడవి. రెండింటి మధ్యా ఉత్తరాల సంచి మెడకు తగిలించుకుని కొంగ ఎగిరేది. ఉత్తరాలంటే ఆకుల మీద గోళ్ళతో గీసినవే. ఇవతలి టపా కచేరీకి నక్క పోస్టుమాస్టరు. ముద్రలు వేసేది ఎద్దు, డెక్కతో, నెమరు వేసినంత తీరిగ్గా.

ఆ శ్రావణంలో సింహం ఒక మాటిచ్చింది. నెలంతా ఒక్కరోజూ ఆగకుండా టపా నడిస్తే పోస్టుమాస్టరుకి ఎర్ర తలపాగా పెడతానంది. అప్పటినుంచీ నక్క నిద్రలో కూడా తల తడుముకునేది.

ఇరవై తొమ్మిదో రోజు పొద్దున్నే ముసురు పట్టింది. మబ్బు దిగి కొండని నడుము దాకా కప్పేసింది. నక్క తన బొరియలోంచి ముక్కు మాత్రం బయటపెట్టి చూసి, టపా పుస్తకంలో 'ఆకాశం నిర్మలం' అని రాసేసింది.

కొంగ ఒంటికాలి మీద నిలబడి కదల్లేదు. పోయినేడు ఈ పని చేసిన పావురాన్ని ఇలాంటి మబ్బులోకే పంపారు. మబ్బులో పైనేదో కిందేదో తెలియదు. రాయి తగిలాకే అక్కడ రాయుందని తెలుస్తుంది. పావురం తిరిగి రాలేదు, సంచి మాత్రం ముళ్ళపొదలో దొరికింది. సంచి దొరికింది కదా, టపాకి నష్టం లేదని నక్క ఆ రోజు అంది. ఆ మాట తలుచుకుంటే కొంగకి ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆ తర్వాతే పక్షులన్నీ కలిసి, చప్పుడుని బట్టి దారి తెలియాలని కనుమ మీద గంట కట్టాయి.

"రెక్కలున్నదానివి, ఈ పాటి మబ్బుకి జంకుతావేమే?" అంది నక్క.

"మీరు నిర్మలమంటే నిర్మలమే పోస్టుమాస్టరు గారూ. కాకపోతే గంట కొట్టే కోతికి జ్వరం. మీరొక్కసారి కనుమ దాకా నడిచి, అక్కణ్ణుంచి మన కచేరీ కనబడుతోందో లేదో చూసొచ్చి చెప్పండి. ఆ క్షణమే ఎగురుతాను."

ఎద్దు ముద్ర ఆపి మరీ చూస్తోంది. నక్క సరేనంది. సగం దారిలో ఏ బండ కిందో కాసేపు కూర్చుని, కనబడిందని చెప్పేస్తే సరి అనుకుంటూ బయల్దేరింది.

అనుకున్నట్టే బండ కింద కూర్చుంది. కాసేపటికి మబ్బు ఇంకా కిందికి దిగింది. నక్కకి తన కాళ్ళు తనకే కనబడలేదు. కిందికనుకుని పైకి నడిచింది, జారింది, లేచింది. చివరికి పంజాకి ఏదో తాడు తగిలితే ప్రాణం లేచొచ్చినట్టు పట్టుకుంది. అది గంట తాడు.

ఇక మధ్యాహ్నం దాకా గంట ఆగలేదు.

"పోస్టుమాస్టరు గారు దారి తప్పినట్టున్నారు," అంది ఎద్దు.

"ఆకాశం నిర్మలం కదా, వచ్చేస్తార్లే," అంది కొంగ.

పొద్దు వాలుతుండగా మబ్బు విడిపోయింది. అప్పుడు కొంగ సంచి తగిలించుకుని ఎగిరింది. కనుమ మీద నక్క తాడు కౌగిలించుకుని వణుకుతోంది. దాని ముందు కాలికి జానెడు దూరంలో లోయ.

"ఇంతసేపూ ఎందుకు రాలేదే?" అంది నక్క ఏడుపు గొంతుతో.

"మబ్బు, పోస్టుమాస్టరు గారూ," అంది కొంగ. నక్కని మంచి దారికి మళ్ళించి, అప్పుడు అవతలి అడవికి సాగిపోయింది.

మర్నాడు ముప్పయ్యో రోజు. మళ్ళీ ముసురే. నక్క బొరియలోంచి పూర్తిగా బయటికొచ్చి, వానలో తడుస్తూ కొండకేసి చాలాసేపు చూసింది. తలొకసారి తడుముకుంది. తర్వాత లోపలికెళ్ళి పుస్తకంలో రాసింది: 'మబ్బు. ఈరోజు టపా లేదు.'

గట్టు మీద కూర్చున్నవాడికి ఏ ఏరైనా మోకాలి లోతే.