రేవు దారిలో ఒంటి చెప్పు

నఫ్తాలీ డప్పు కొడితే చేపలు వాటంతటవే వలలోకి దూకేవి. కొండ మీద మేకలు కవలల్ని ఈనేవి. అతని దెబ్బకే పక్క ఊరి కోట గోడ బీటవారిందంటే ఆ ఊరివాళ్ళు ఒప్పుకోరు గానీ, గోడ మాత్రం ఇప్పటికీ ఒరిగే ఉంది. అంతటి నఫ్తాలీ ఆ రోజు డప్పు చంకలో పెట్టుకుని, పెళ్ళి చెడిన పెళ్ళికొడుకులా తన గురువు రబ్బీ ఎలాజార్ గుమ్మంలో నిలబడ్డాడు.

"గురువుగారూ, కొట్టాలా, వద్దా?"

వాళ్ళది మధ్యధరా సముద్రం ఒడ్డున చిన్న రేవు. ఈ చివర తుమ్మితే ఆ చివర దీర్ఘాయుష్షు అనేంత చిన్న యూదుల పేట. ఆ పేటవాళ్ళ పడవొకదాన్ని సముద్రపు దొంగలు పట్టుకుపోయి రెండేళ్ళయింది. ఉపవాసాలుండి, ఇత్తడి గిన్నెల దాకా అమ్మి, కనిపించిన ప్రతి పెద్దమనిషి కాళ్ళూ పట్టుకుని, ఎట్టకేలకు బందీలను విడిపించుకున్నారు. మధ్యాహ్నానికి ఓడ వస్తోంది. అందులో నఫ్తాలీ అన్న నిస్సీమ్ ఉన్నాడు.

నిస్సీమ్ ప్రాణస్నేహితుడు వీడాల్ లేడు. తిరుగుదారిలోనే జ్వరంతో పోయాడని పొద్దున్నే ఒక చేపల పడవ కబురు తెచ్చింది.

వీడాల్ తల్లి రేయ్నాది, నఫ్తాలీది పక్కపక్క ఇళ్ళు. తల్లిలేని ఆ అన్నదమ్ములిద్దరూ ఆమె పెట్టింది తిని పెరిగారు. రేవు నుంచి ఇంటికి ఒక్కటే దారి. అది ఆమె గుమ్మం ముందు నుంచే.

"శాస్త్రమంతా తిరగేశాను," అన్నాడు నఫ్తాలీ. అతను తిరగెయ్యని గ్రంథం ఇంకా ఎవరూ రాయలేదు. "బందీ తిరిగొస్తే పండగ చెయ్యాలి. చావింటి ముందు పండగ చెయ్యకూడదు. రెండూ ఒకే వీధిలో పడితే ఏం చెయ్యాలో మాత్రం ఏ మహానుభావుడూ రాయలేదు!"

"రేయ్నా ఏమంటోంది?"

"ఏమీ అనదు, అదే కదా గొడవ! దుఃఖంలో ఉన్న మనిషి నోరు విప్పేదాకా మనం మాట్లాడకూడదాయె. పొద్దుట్నుంచీ సగం పేట వెళ్ళింది. ఆమె ఎదురుగా నేల మీద కూర్చోవడం, దగ్గడం, లేచి రావడం. చావింట్లో మొదటి ముద్ద ఇరుగుపొరుగు చేతిదే అవ్వాలని తలా నాలుగు గుడ్లు ఉడకబెట్టి పట్టుకెళ్ళారు. బుట్టలు నిండిపోయాయి. ఆమె ఒక్కటీ ముట్టలేదు."

రబ్బీ తను ఉడకబెట్టుకున్న గుడ్డు జేబులో వేసుకున్నారు. మడమకు ఇనుప నాడాలున్న పండగ చెప్పులు బయటికి తీశారు. ఒకటి తొడుక్కున్నారు. రెండోది అరుగు కిందికి తోసేసి నడక మొదలుపెట్టారు.

"గురువుగారూ, రెండోది..."

"ఓడ వచ్చే వేళయింది. పద."

నఫ్తాలీకి తల కొట్టేసినట్టయింది. దుఃఖంలో ఉన్నవాళ్ళు తోలు చెప్పులు తొడగరు. పండగకి వెళ్ళేవాళ్ళు విప్పరు. ఒక కాలికి ఇదీ ఒక కాలికి అదీ అనే ఆచారం భూమ్మీద ఎక్కడా లేదు. పైగా దారి రాళ్ళు పెనంలా కాలుతున్నాయి. చెప్పున్న కాలు టక్కుమంటే, చెప్పులేని కాలికి రబ్బీ "అబ్బా!" అని ఎగిరేవారు. మూరెడు ఎగిరారని కొందరంటారు. మేడెత్తు ఎగిరి పావురాల్ని బెదరగొట్టారని చూసినవాళ్ళంటారు.

రేవులో ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుతున్నారు, ఏడుస్తున్నారు. నిస్సీమ్ ఒక్కడూ ఓడ బల్ల మీద తల వంచుకుని కూర్చున్నాడు.

"నేను దిగను. వాడు లేకుండా ఆ గుమ్మం ఎలా దాటను?"

"లే అన్నయ్యా, నేనెత్తుకెళ్తా! ఒంటిచేత్తో ఎద్దునెత్తినవాణ్ణి!" అన్నాడు నఫ్తాలీ. ఎద్దు సంగతేమో గానీ, అన్న కదల్లేదు.

రబ్బీ బల్ల దగ్గరికి కుంటుతూ వచ్చారు. "ఒరే నిస్సీమ్, కాలు మాడిపోతోందిరా. కాస్త భుజం ఇయ్యి."

నిస్సీమ్ తలెత్తి ఆ కాలు చూశాడు, ఈ కాలు చూశాడు. లేచి వచ్చి భుజం ఇచ్చాడు. రబ్బీ అతని చేతిలో గుడ్డు పెట్టారు. "ఇది పట్టుకో. నా జేబులో నలిగిపోయేట్టుంది."

రేయ్నా ఇంటి తలుపు తెరిచే ఉంది. ఆమె నేల మీద గోడకానుకుని ఉంది. వెనకాల పేటంతా ఆగిపోయింది. రబ్బీ గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడి, కాలిన పాదాన్ని చేత్తో రుద్దుకుంటున్నారు.

రేయ్నా చూసింది.

"ఏమయ్యా రబ్బీ," అంది, "మీకు మతి పోయిందా, చెప్పు పోయిందా?"

"ఈ కాలు నీ దగ్గర కూర్చోవడానికి వచ్చిందమ్మా. ఆ కాలు వీడి విందుకెళ్ళాలి."

"అంటే రెండుచోట్లా కుంటుతారన్నమాట."

"కుంటుతానమ్మా."

అప్పుడామె కళ్ళు ఆయన భుజం కిందున్న మనిషి మీద పడ్డాయి. "చివర్లో వాడి దగ్గరున్నావుట్రా?"

"ఉన్నాను పిన్నీ. నా ఒళ్ళోనే."

"ఏమైనా అన్నాడా?"

"నీ వంకాయ కూరలో ఉప్పెక్కువన్నాడు."

"పోతూ కూడా వంకేనా, వెధవకి!" రేయ్నా ఫక్కున నవ్వేసింది.

"అయినా అదే కావాలన్నాడు పిన్నీ."

ఇక్కడ పెంచి చెప్పడానికేమీ లేదు. ఆమె ఏడ్చింది. నిస్సీమ్ పక్కన కూలబడి, గుడ్డు ఒలిచి ఇచ్చాడు. తింది.

కొంగుతో మొహం తుడుచుకుని, "ఇక లేవరా, మీ ఇంట్లో నీకోసం విందు కాచుకునుంది," అంది. "నఫ్తాలీ! ఆ డప్పు చంకలో పెట్టుకుని చూస్తావేం? కోట గోడలు పడగొట్టినవాడివి కదా!"

నఫ్తాలీ గురువు వైపు తిరిగాడు. "ఎలా కొట్టనండీ?"

రబ్బీ నిస్సీమ్ భుజం పట్టుకుని వీధిలోకి దిగారు. నాడా ఉన్న మడమ టక్కుమంది. రెండో కాలు చప్పుడు లేకుండా పడింది. మళ్ళీ టక్కుమంది.

నఫ్తాలీ విన్నాడు. డప్పు మీద ఒక దెబ్బ వేశాడు. రెండో దెబ్బకు లేచిన చెయ్యి గాల్లోనే ఆగింది.

ఒక దెబ్బ, ఒక ఖాళీ. పక్కనున్న తమ గుమ్మం చేరేదాకా అలాగే కొట్టాడు. ఆ రోజు చేపలేవీ ఎగరలేదు. గడప మీద రేయ్నా వేలు మాత్రం, ఖాళీ వచ్చినప్పుడల్లా, మెల్లగా తట్టింది.