నక్క చెప్పిన ఎముకల వైద్యుడు

ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో ఈమధ్య నాకు కలగాపులగం అవుతోంది. గొర్రె ముందు వచ్చిందా, నక్క ముందు వచ్చిందా అంటే, గొర్రే. గొర్రె లేనిదే నక్క రాదు కదా.

వెంగమ్మ దొడ్లో మంగ అనే గేదె, బుడ్డోడు అనే కుక్క ఉండేవి. ఒక మధ్యాహ్నం, మంద తప్పిన గొర్రె ఒకటి కుంటుకుంటూ వచ్చి చొప్పవామి వెనక కూలబడింది. ముందు కాలు విరిగి వేలాడుతోంది.

"అమ్మగారిని పిలుస్తా," అని బుడ్డోడు నోరు తెరిచాడు.

"ఆగరా. నిన్న వామి దగ్గరికొచ్చిన మేకను ఏం చేసింది? చీపురు తిరగేసింది. దీన్ని చూస్తే మూడు కాళ్ల మీదే తరుముతుంది," అంది మంగ.

అంతలో ముళ్లకంచె అవతల నక్క తల కనబడింది.

"బాగున్నావా వదినా? ఎవరో మూలుగుతుంటే మనసు ఆగక వచ్చాను."

"ఆగనిది నీ మనసా, నీ ముక్కా?"

"నీకెప్పుడూ అనుమానమే. కొండ మీద నాకు తెలిసిన ఎముకల వైద్యుడున్నాడు. ఎముకల సంగతి ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు."

గొర్రె ఆశగా తలెత్తింది. "పిలుచుకురా అన్నా, నీ కడుపు చల్లగుండ!"

"నా కడుపు సంగతి తర్వాత చూద్దాంలే చెల్లీ," అంది నక్క.

"ఏం పుచ్చుకుంటాడేమిటి మీ వైద్యుడు?" అడిగింది మంగ.

"ఏమీ పుచ్చుకోడు."

"ఏమీ పుచ్చుకోనివాడు ఏం తిని బతుకుతాడు మరిదీ?"

నక్క గొంతు సవరించుకుంది. "ఆయన జనంలోకి రాడు. పొద్దుగూకగానే గొర్రెను కంచె అవతలికి చేర్చండి. బుడ్డోడు మాత్రం మొరగకూడదు. వైద్యుడికి చప్పుడు గిట్టదు."

"సరే, పిలుచుకురా," అంది మంగ. నక్క తోక ఊపుకుంటూ పోయింది.

"నక్క మర్యాదస్తుడే అత్తా," అన్నాడు బుడ్డోడు.

"విస్తరి ముందు కూర్చున్నవాడు ఎవడైనా మర్యాదగానే ఉంటాడురా."

గొర్రె బావురుమంది. "మరి నన్నెవరు చూస్తారు?"

"నీ కోసం ఇక్కడ ఎవరూ ఎవర్నీ పిలవరు తల్లీ. నా పాల కోసం పిలుస్తారు. నేను చెప్పేదాకా నోరు మెదపకు."

నాలుగింటికి వెంగమ్మ తపేలా తెచ్చి పొదుగు కడిగింది. మంగ పాలు ఎగబట్టింది. తవుడు పెట్టినా, దూడను వదిలినా చుక్క రాలలేదు. వెంగమ్మ కంగారుగా ఫోను అందుకుంది.

"డాక్టరుగారూ, మా గేదె చేపడం లేదు. ఉన్నపళంగా రండి బాబూ!"

పశువుల డాక్టరు మోటారు సైకిలు మీద వచ్చాడు. పొదుగు తడిమి, నోరు తెరిచి చూసి, "దీనికే రోగమూ లేదమ్మా," అన్నాడు.

"ఇప్పుడు గట్టిగా అరువు తల్లీ!" అంది మంగ గొర్రెతో.

గొర్రె దొడ్డి దద్దరిల్లేలా అరిచింది. డాక్టరు వామి వెనక్కి వెళ్లి, కాలికి వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టాడు. వీపు మీది ఎర్రరంగు చూసి, "ఇది గురవయ్య మందలోది. కబురు చేస్తాను," అన్నాడు. వెంగమ్మ సణుగుతూనే గొర్రెకు గుప్పెడు చొప్ప వేసింది. అప్పుడు చేపింది మంగ. వెలుగుండగానే గురవయ్య వచ్చి, గొర్రెను భుజాన వేసుకుని పోయాడు.

పొద్దుగూకగానే నక్క వైద్యుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. ఎవరనుకున్నారు? ఎముకలు పటపట కొరికే దుమ్ములగొండి.

"రోగి ఏదిరా?" అంది దుమ్ములగొండి.

"ఇక్కడే... ఉండాలి."

"రెండు రోజులుగా పస్తున్నాను. విందుకు పిలిచి వట్టి నేల చూపిస్తావా?"

దొడ్లోంచి మంగ పిలిచింది. "వైద్యుడుగారూ! మిమ్మల్ని తీసుకొచ్చినవాళ్లకూ ఎముకలుంటాయి కదా. ఓసారి చూడండి!"

దుమ్ములగొండి నక్క వైపు తిరిగింది. బుడ్డోడు గొంతు చించుకుని మొరిగాడు. నక్క కొండ దాకా పరిగెత్తింది కానీ, దాని తోక కుచ్చు మాత్రం వైద్యుడి పళ్ల మధ్యనే ఉండిపోయింది.

నొప్పి ఉన్నచోటికి మందున్నవాణ్ణి పిలవాలి, ఆకలున్నవాణ్ణి కాదు.

అమ్మాయ్ సుగుణా, ఇదంతా రాసుకున్నావు కదా, గేదె పేరు మంగేనా, గంగా? గొర్రెలాయన గురవయ్యా, గురప్పా? పేర్లు ఓసారి సరిచూసి పెట్టు తల్లీ.