మూడు సీసాల చలవ

మధ్యాహ్నం మూడు గంటలు. పొద్దుటి నుంచీ వాన. గాలికి కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయి. ల్యాబ్‌లో అప్పుడే దీపాలు పెట్టే వేళయినట్టుంది.

కరెంటు లేదు. జనరేటరు గదిలోకి నీళ్లొచ్చాయి. ఆసుపత్రిలో చల్లగా ఉండాల్సింది ఏదైనా ఇక తనంతట తాను ఉండాల్సిందే.

అంతకు కాసేపటి ముందే మా ఆయన జకరయ్య ఆసుపత్రి జీపు తీసుకుని లంకకు బయల్దేరాడు. వెంట మా అమ్మాయి రూతు వెళ్లింది. అది ఇక్కడే నర్సు. లంకలో ఒకామెకు కాన్పయిందట, రక్తం ఆగడం లేదట. ఆ కబురు చెప్పిన ఫోనే చివరి ఫోను. తర్వాత సిగ్నల్ పోయింది.

ఆమె వస్తే రక్తం ఎక్కించాలి. ఎక్కించాలంటే ముందు గ్రూపు తెలియాలి. గ్రూపు చెప్పే సీరం సీసాలు నా చేతికింద ఉన్నాయి, చిన్న ఫ్రిజ్‌లో. నీలంది ఏకి, పసుపుది బీకి, రంగు లేనిది పాజిటివా నెగటివా తేల్చడానికి. వాటిలో ఉండేవి యాంటీబాడీలు. రక్తపు చుక్క పక్కన సీరం చుక్క వేసి కలిపితే, రక్తం ఇసక రేణువుల్లా గుంపు కడుతుంది. లేదా కట్టదు. దేనిలో కట్టిందో చూసి గ్రూపు చెబుతాం. వెచ్చబడితే వాటి బలం పోతుంది. బలం పోయిన సీరం అబద్ధం చెబుతుంది. ఆ అబద్ధం నమ్మి రక్తం ఎక్కిస్తే మనిషి దక్కదు.

నాకీ పని నేర్పింది ల్యాబ్ చూసే సిస్టర్ అగాత. కూతుర్ని నర్సింగులో చేర్చాక, నలభై దాటిన వయసులో, నేనూ నేర్చుకుంటానని వెళ్తే ఆమె నవ్వలేదు. పసుపు సీసా తీసి నా అరచేతిలో పెట్టింది.

"పిట్టపిల్లను పట్టుకున్నట్టు పట్టుకో. ఊపకు, నురగొస్తుంది. పనయ్యాక ఎక్కడిది అక్కడ."

ఇంకేం చెప్పలేదు. మిగతాదంతా ఆమె చేతులు చూసి నేర్చుకున్నదే.

ఆ రోజు మాత్రం నా చేతులు నా మాట వినడం లేదు.

ఫ్రిజ్ తలుపు తీశాను. లోపలి థర్మామీటరు చూశాను. ఫరవాలేదు. మూశాను. కిటికీ దగ్గరికి వెళ్లాను. రోడ్డు మీద వాన తప్ప ఏమీ లేదు. వెనక్కి వచ్చి మళ్లీ తలుపు తీశాను.

సిస్టర్ ఎప్పుడొచ్చిందో గమనించలేదు. బల్ల పక్కన స్టూలు మీద కూచుని ఉంది. చేతిలో టీ ఫ్లాస్కు.

"ఏముంది అందులో?" అంది.

"చల్లగానే ఉన్నాయా అని చూస్తున్నా, సిస్టర్."

"ఉన్నాయా?"

"ఉన్నాయి."

"మంచిది."

తలుపు మూశాను. ఆమె ఫ్లాస్కు మూత బిగించడం అప్పుడు కనిపించింది.

"మా తమ్ముడి కొడుకూ ఇంతే," అంది. "ఊరికే ఫ్రిజ్ తెరిచి నిలబడేవాడు. వాడికి కనీసం పులిహోర దొరికేది."

నాకు నవ్వు రాలేదు.

"వంటింట్లో ఐసు గడ్డలున్నాయి సిస్టర్. తెచ్చి సీసాలకు ఆనించి పెట్టనా?"

"గడ్డకడితే?"

గడ్డకట్టిన సీరం కరిగినా మళ్లీ మునుపటిలా పనిచెయ్యదని నాకు తెలుసు. తెలిసీ అడిగాను. ఏదో ఒకటి చెయ్యాలి కదా మరి.

కిటికీ. ఫ్రిజ్. కిటికీ. తలుపు తీసిన ప్రతిసారీ ముఖానికి చల్లగాలి తగిలేది. ఆ కాస్త చల్లదనానికి ప్రాణం కుదుటపడేది. మూసిన మరుక్షణం మళ్లీ మొదలు. లంకకు వెళ్లే దారిలో కాలవ గట్టు ఒకటుంది. ఎండాకాలంలోనే దాని మీద ఎదురొచ్చిన బండికి తప్పుకోవడం కష్టం.

నేను తలుపు తీసి నిలబడినంతసేపూ సిస్టర్ కూడా ఫ్లాస్కు మూత తీసి లోపలికి చూస్తూ కూచుంది. నేను మూస్తే తనూ మూసింది. రెండుమూడు సార్లయ్యాక నాకు చిరాకేసింది. బయట నా వాళ్లిద్దరున్నారు, ఈమెకు టీ ధ్యాస అనుకున్నాను. పెద్దవయసు కదా అని సరిపెట్టుకున్నాను.

థర్మామీటరు కాస్త పైకెక్కింది. ఇంకా హద్దు గీత దాటలేదు. కానీ ఎక్కింది.

"సిస్టర్, పెరుగుతోంది!"

"పెరగదూ?" అంది తాపీగా. "సరే, రా. టీ తాగుదువుగాని."

"నాకొద్దు."

"తాగమన్నాను."

గ్లాసులో పోసింది. ఒక గుక్క నోట్లో పోసుకున్నాను. చల్లారి, పైన మీగడ తేలిన టీ.

"చల్లారిపోయింది, సిస్టర్."

ఆమె కళ్లు పెద్దవి చేసి నా వంక చూసింది.

"అదెట్లా? నేను చూస్తూనే ఉన్నానుగా!"

బయట గాలి ఒకసారి తలుపును తోసి వదిలింది. గ్లాసు బల్ల మీద పెట్టాను. ఫ్రిజ్ తలుపును అరచేత్తో ఒత్తి, సరిగ్గా పడిందో లేదో తడిమి, స్టూలు లాక్కుని దానికి వీపు పెట్టి కూచున్నాను. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. వాటిని ఏం చెయ్యాలో తెలియలేదు. ఒకదానితో ఒకటి పట్టుకున్నాను.

అలా కూచోవడం తలుపు తియ్యడం కంటే కష్టం.

ఆయమ్మ పైడమ్మ వరండా నీళ్లు చీపురుతో తోస్తూ వచ్చి గుమ్మంలో ఆగింది.

"ఏంటమ్మా సువార్తమ్మా, అమ్మవారి బొమ్మలాగా కూచున్నావు? లెగు, నువ్వూ ఓ చీపురు పట్టు."

"పని మీదున్నాను."

"ఆ, కనపడతానే ఉంది." అని గొంతు తగ్గించింది. "గట్టు మీదికి నీళ్లెక్కాయంట. అటునుంచి సైకిలాయన తిరిగొచ్చేశాడు."

లేచాను. ఎటు వెళ్లాలో తెలియకుండానే లేచాను. కిటికీ దగ్గరికి పోయి ఏం చేస్తాను? చూస్తాను. నేను చూస్తే నీళ్లు దిగుతాయా? అయినా కాలు అటే పడింది.

సిస్టర్ ఖాళీ ఫ్లాస్కు మూత మీద చెయ్యి వేసి కూచుంది.

మళ్లీ వచ్చి కూచున్నాను.

ఎంతసేపో తెలియదు. వీపు వెనక ఫ్రిజ్ చప్పుడు లేకుండా ఉంది. మోటారు ఆడుతుంటే ఎప్పుడూ దాని సంగతి గుర్తుకు రాదు. ఆ రోజు ఆ నిశ్శబ్దం వీపుకు తగులుతూనే ఉంది. రూతు చిన్నప్పుడు జ్వరంతో పడుకుంటే నిద్ర పోయిందా లేదా అని దుప్పటి తీసి తీసి చూసేదాన్ని. అది విసుక్కునేది. "అమ్మా, నువ్వు చూడకపోతే నిద్రపోతా" అనేది.

హారన్ వినపడింది. ఒకటే, బొంగురుగా. తర్వాత వరండాలో ఒకటే అరుపులు, పరుగులు, స్ట్రెచరు చక్రాల చప్పుడు.

నేను గుమ్మం దాటేలోపే పైడమ్మ ఎదురొచ్చింది. పైనుంచి కిందిదాకా తడిసి ఉంది. చేతిలో రక్తం నింపిన గాజు గొట్టం.

"డాక్టరమ్మ వెంటనే గ్రూపు చెప్పమంది. ఆమెకు నాడి అందటం లేదంట."

"అందరూ వచ్చారా? రూతు వచ్చిందా?"

"నాకేం కనపడిందమ్మా, ఒకళ్ల మీద ఒకళ్లు గొడుగులు! ఇది చేతిలో పెట్టి పరిగెత్తమన్నారు, పరిగెత్తా."

గొట్టం నా చేతిలో వెచ్చగా ఉంది. వార్డు ఈ వరండా చివరే. పది అంగల్లో వెళ్లి చూసి రావచ్చు. సిస్టర్ వైపు చూశాను. ఆమె అప్పటికే తన వేలు స్పిరిటుతో తుడుచుకుంటోంది.

"ఇప్పుడు తియ్యి," అంది.

ఫ్రిజ్ తలుపు తీశాను. చలవ చేతుల మీదికి వచ్చింది. థర్మామీటరు ఇందాక ఉన్నచోటే ఉంది.

ముందు సీసాలు నిజం చెబుతున్నాయో లేదో తెలియాలి. సిస్టర్ రక్తం ఏబీ పాజిటివ్. మూడింటిలోనూ గుంపు కట్టాలి. నాది ఓ. నీలంలో, పసుపులో కట్టకూడదు. ఆమె వేలు గుచ్చుకుని తెల్ల పింగాణీ టైలు మీద చుక్కలు పెట్టింది. నేను నా వేలు గుచ్చుకున్నాను. సీరం చుక్కలు వేసి కలిపాను. ఆమెది రేణువులు రేణువులుగా విరిగింది. నాది ఆ రెండింటిలోనూ పాలలా నున్నగా ఉండిపోయింది.

"బతికే ఉన్నాయి," అన్నాను.

ఆ తర్వాత లంక మనిషి రక్తం. టైలును అటూ ఇటూ మెల్లగా వంచాలి. నేను గబగబా వంచేస్తున్నాను. సిస్టర్ నా మణికట్టు కింద ఒక వేలు ఆనించింది. పట్టుకోలేదు.

నీలంలో ఏమీ లేదు. పసుపులో విరిగింది. రంగు లేనిదానిలోనూ విరిగింది.

"బీ పాజిటివ్."

ఆమె టార్చి దగ్గరగా పెట్టి చూసింది. "బీ పాజిటివ్," అని రక్తం బ్యాగులుండే పెద్ద ఫ్రిజ్ తాళం తీసింది.

సీసాలకు మూతలు పెట్టాను. ఒక్కోటీ దాని గుంటలో నిలబెట్టాను. తలుపు మూశాను.

బ్యాగులోని రక్తం, లంక మనిషి రక్తం కలుస్తాయో లేదో చూడటానికి చేత్తో తిప్పే యంత్రం ముందు సిస్టర్ కూచుంది. తల ఎత్తకుండానే అంది:

"ఇది నేను చూస్తా. నువ్వెళ్లి నీ వాళ్లను చూసుకో."

వార్డులో లాంతర్లు పెట్టారు. గుమ్మంలో నిలబడ్డాను. మంచం మీద బాలింత, పెదాలు తెల్లగా, కళ్లు తెరిచి ఉంది. కాళ్ల దగ్గర ముసలావిడ, అత్తగారు కాబోలు, అరికాళ్లు రుద్దుతోంది. రూతు నడుం దాకా బురద, ఒక చేత్తో సెలైను సీసా ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో తువ్వాలు మూటను గుండెకు అదుముకుని ఉంది. మూట లోంచి పిడికిలంత ముఖం.

"మీ నాన్నేడే?"

"బయట. జీపుకి దణ్ణం పెట్టుకుంటున్నాడు," అంది రూతు. నవ్వబోయింది. మూటను ఇంకాస్త దగ్గరికి అదుముకుంది.

వెనక నుంచి తడి చొక్కా వాసన. తిరిగి చూశాను. మా ఆయన.

సిస్టర్ రక్తం బ్యాగు తెచ్చింది. స్టాండుకు తగిలించారు. మొదటి చుక్క గొట్టంలోకి దిగింది.

గోడకు ఆనుకుని వేళ్లు మడిచాను. ఆయన. రూతు. బాలింత. ముసలావిడ. పసిది.

మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను.